పిల్లల నడవడికపై ఇంటికి చెప్పిన మాటకు ఒక పేజీ కావాలి: విద్యాశాఖకు, బడుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు,

నమస్కారం.

టీసీలో ‘ప్రవర్తన’ అని ఒక గడి ఉంటుంది. పదేళ్లు చదివిన పిల్లవాడికైనా, పది నెలలు చదివిన పిల్లకైనా అందులో పడేది ఒక్కటే మాట. ‘బాగుంది’ అనో, ‘సంతృప్తికరం’ అనో రాసి సంతకం పెట్టేస్తాం. ఆ మాట వెనక క్లాస్ టీచర్ ఎన్నిసార్లు ఇంటికి ఫోన్ చేశారో, తల్లి ఏమందో, ఇద్దరూ కలిసి ఏం చేద్దామనుకున్నారో, అనుకున్నది జరిగిందో లేదో ఎక్కడా కనబడదు. హాజరుకు పట్టీ ఉంది, మార్కులకు రిజిస్టర్ ఉంది, మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్కకూ రిజిస్టర్ ఉంది. పిల్లల నడవడిక గురించి బడికీ ఇంటికీ మధ్య నడిచిన మాటకు మాత్రం చోటు లేదు. అది టీచర్ ఫోన్‌లో కాల్ లిస్టుగా, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా, ఎక్కువసార్లు ఉత్త జ్ఞాపకంగా మిగులుతోంది. టీచర్‌కు బదిలీ అయిన రోజున ఆ జ్ఞాపకం కూడా బడి దాటిపోతుంది. కొత్తగా వచ్చిన టీచర్ అదే పిల్లవాడి తల్లికి అదే ఫిర్యాదు మొదటిసారి చెబుతున్నట్టు చెబుతారు. ఆమె విసుక్కుంటే ‘ఇంట్లో పట్టించుకోరు’ అని ముద్ర పడుతుంది.

మేం కోరేది పెద్దదేం కాదు. ప్రతి తరగతికి 200 పేజీల కుట్టు పుస్తకం ఒకటి, అందులో ఎలా రాయాలో సగం రోజు శిక్షణ, ఆ రాతను ఎవరు చూడవచ్చో ఎవరు చూడకూడదో స్పష్టంగా చెప్పే ఒక ఉత్తర్వు. ఇంకో యాప్ మాత్రం వద్దు.

ఇది టీచర్ ఇష్టాయిష్టాలకు వదిలేసిన పని కాదన్న సంగతి ముందు చెప్పాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి, బిడ్డకు సంబంధించిన ఇతర విషయాలు తెలియజేయడం అందులో ఒకటి. అదే చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఉమ్మడి రాష్ట్రంలోనైతే 2002లోనే బడుల్లో శారీరక శిక్షను రద్దు చేశారు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికీ వీల్లేదు. బెత్తం పోయింది, బహిష్కరణ పోయింది. పోవలసినవే, పోవడం మంచిదే. వాటి చోట టీచర్ చేతికి ఏం ఇచ్చాం? ఇంటితో మాట్లాడటం అనే పనిముట్టు ఒక్కటి మిగిలింది. దాన్ని ఎలా వాడాలో మాత్రం బీఈడీలోనూ, డీఈడీలోనూ, సర్వీసులో చేరాక జరిగే శిక్షణల్లోనూ చేయించి నేర్పడం లేదు.

పుస్తకం గురించి. విడి కాగితాల ఫైలు వద్దని మా అభిప్రాయం. కాగితాలు పోతాయి, మారతాయి, కావలసినప్పుడు తీసేసి కొత్తవి పెట్టారన్న అనుమానానికి తావిస్తాయి. కుట్టిన పుస్తకం, అచ్చు వేసిన పేజీ నంబర్లు ఉండాలి. 45 మంది ఉన్న తరగతికి తలా నాలుగు పేజీలు కేటాయిస్తే 180. ముందు నాలుగు పేజీలు విషయసూచిక. మిగిలిన పదహారు పేజీలు ఏడాది మధ్యలో చేరే నలుగురికి. తేదీల వారీగా అందరివీ కలిపి ఒకే వరసలో రాస్తే సులువే గానీ, ఒక తల్లికి ఆమె బిడ్డ సంగతి చూపించబోతే పక్కవాళ్ల బిడ్డ సంగతీ కనబడుతుంది. అందుకే ఏ బిడ్డ పేజీలు ఆ బిడ్డవే. ప్రతి బిడ్డ పేజీలూ ఎడమచేతి వైపు మొదలయ్యేలా అచ్చు వేయిస్తే పుస్తకం తెరిచినప్పుడు ఒక్క బిడ్డ వివరాలే కనిపిస్తాయి.

ఒక్కో నమోదులో ఏం ఉండాలి? తేదీ, సమయం. ఎలా మాట్లాడారు: ఫోనా, బడిలోనా, ఇంటికి వెళ్లా, డైరీలో రాశారా. ఎవరితో మాట్లాడారు, బిడ్డకు ఆ మనిషి ఏమవుతారు. బడిలో ఏం జరిగింది, రెండు మూడు వాక్యాల్లో. బిడ్డ ఏం చెప్పాడు. ఇంటివాళ్లు ఏం చెప్పారు. బడి ఏం చేస్తానంది, ఇల్లు ఏం చేస్తానంది. మళ్లీ మాట్లాడే తేదీ. పొట్టి సంతకం. అలవాటైతే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఎనిమిది వాక్యాలు దాటుతోందంటే అనవసరమైనది ఏదో చేరుతోందని అర్థం.

‘బిడ్డ ఏం చెప్పాడు’ అన్నది మామూలుగా ఎవరూ రాయరు. మేం దాని మీదే పట్టుబడతాం. పెద్దవాళ్లిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. జరిగిందేమిటో బిడ్డను ఎవరూ అడగరు. ఫోన్ చేసే ముందు పిల్లవాణ్ని విడిగా కూర్చోబెట్టి ‘ఏమైంది నాన్నా’ అని అడిగి, వాడి మాట వాడి మాటల్లోనే ఒక వాక్యం రాసుకుంటే సగం ఫోన్ల అవసరమే రాదు. పెన్సిల్ బాక్స్ లాక్కున్నాడని చెప్పిన ఫిర్యాదు, ‘అది నాదే మేడమ్, నిన్న వాడు తీసుకున్నాడు’ అన్న ఒక్క మాటతో ముడి విప్పుకుంటుంది.

ఇక భాష. ఎక్కువ రాతలు చెడేది ఇక్కడే. ‘అల్లరి ఎక్కువ’, ‘మొండి’, ‘రౌడీలా ప్రవర్తిస్తున్నాడు’, ‘శ్రద్ధ లేదు’, ‘ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది’. ఇవేవీ కంటికి కనబడినవి కావు, మన తీర్పులు. తీర్పు రాసిన పేజీ చూసిన తల్లి వాదనకు దిగుతుంది, కాకపోతే తల దించుకుంటుంది. రెంటివల్లా పని జరగదు. చూసింది చూసినట్టు రాయాలి. ‘మూడో పీరియడ్‌లో పలక మీద లెక్క రాయమన్నప్పుడు రెండుసార్లు లేచి కిటికీ దగ్గరకు వెళ్లాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. ఐదు నిమిషాల తర్వాత పక్క పిల్లవాడి పుస్తకం నేల మీదకు తోశాడు.’ ఇందులో నింద లేదు, విషయం ఉంది. చదివిన తండ్రి ‘లెక్కలప్పుడేనా సార్?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టిందంటే సంభాషణ దారిలో పడినట్టే.

‘ఎప్పుడూ’, ‘ఏనాడూ’, ‘ప్రతిసారీ’, ‘అందరినీ’ అన్న నాలుగు మాటలనూ పుస్తకం అట్ట లోపలి వైపు అచ్చు వేసి, వీటిని వాడొద్దని రాయించండి. వాటి బదులు అంకె రావాలి: ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ పీరియడ్. ఇంటి పరిస్థితులపై మన ఊహలూ రాయకూడదు. ‘తండ్రి తాగుబోతు’ అని రాయకూడదు. తల్లి తనంతట తానే చెబితే ‘ఇంట్లో రాత్రిళ్లు గొడవ అవుతోందని, నిద్ర సరిపోవడం లేదని తల్లి చెప్పారు’ అని ఆమె చెప్పినట్టు రాయాలి. కులం, మతం పేర్లు ఈ పేజీల్లో ఎక్కడా రాకూడదు. గొడవలో ఉన్న రెండో బిడ్డ పేరు కూడా వద్దు, ‘మరో విద్యార్థి’ చాలు. పేరు రాస్తే సాయంత్రానికి ఆ ఇంటి మీదకు ఈ ఇంటివాళ్లు వెళతారు. పల్లెల్లో అది రెండు ఇళ్ల మధ్య ఆగదు.

తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం. వైట్‌నర్ వద్దు, చింపడం వద్దు. ఆ రోజే రాయడం కుదరకపోతే మర్నాడు రాసి ‘ఈ తేదీన రాసినది’ అని స్పష్టంగా పెట్టాలి. వారం తర్వాత గొడవ ముదిరాక, పాత తేదీలు వేసి ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపిన పేజీలు టీచర్‌ను కాపాడవు. ఎవరైనా రెండు నిమిషాల్లో పట్టేస్తారు. ఆ పుస్తకంలో నిజంగా రాసిన మిగతా పేజీల మీదా నమ్మకం పోతుంది.

ఫోన్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. బడి నుంచి పగటిపూట ఫోన్ వస్తే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. పొలంలో ఉందో, బీడీలు చుడుతోందో, ఇంకొకరి ఇంట్లో పనిచేస్తోందో. ‘మీ వాడు ఏం చేశాడో తెలుసా’ అని మొదలుపెడితే తర్వాత చెప్పేదేదీ ఆమె చెవికెక్కదు. మొదటి వాక్యం ఇలా ఉండాలి: ‘అమ్మా, ఫలానా బడి నుంచి, ఏడో తరగతి క్లాస్ టీచర్‌ని మాట్లాడుతున్నాను. బాబు క్షేమంగా ఉన్నాడు, కంగారు పడకండి. ఐదు నిమిషాలు మాట్లాడవచ్చా, సాయంత్రం చేయమంటారా?’ ఆ తర్వాత చూసింది చెప్పాలి, ఒక్క సంఘటనే. పాత చిట్టా విప్పకూడదు. వెంటనే ‘ఇంట్లో ఎలా ఉంటున్నాడమ్మా?’ అని అడిగి ఆగాలి. ఆగడం కష్టం. మనకు చెప్పడం అలవాటు, వినడం తక్కువ. ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దంలోనే ‘చెల్లి పుట్టినప్పటి నుంచి ఇట్లాగే ఉన్నాడు మేడమ్’ లాంటి మాట వస్తుంది. తర్వాత బడి ఏం చేస్తుందో ముందు చెప్పి, ఇంటి నుంచి ఒకే ఒక్క చిన్న పని అడగాలి. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ పక్కన పెట్టించి పడుకోబెట్టడం లాంటిది, ఇంటివాళ్లు నిజంగా చేయగలిగినది. ‘కొంచెం చూసుకోండి’ అంటే ఏం చూసుకోవాలో ఎవరికీ తెలియదు. చివర, రాసుకున్నది చదివి వినిపించాలి: ‘నేను ఇలా రాశానమ్మా, సరిగ్గా ఉందా?’ తప్పుంటే దిద్దాలి. మళ్లీ మాట్లాడే తేదీ చెప్పి పెట్టేయాలి.

ఈ ఫోన్‌లో తప్పకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటుంది: ‘దీనికి ఇంట్లో కొట్టకండి.’ మన దగ్గర ‘కళ్లు రెండూ ఉంచి తోలు తీసినా అడగం సార్’ అని తల్లిదండ్రులే అప్పగిస్తారు. ఆ మాటకు చట్టం ముందు విలువ లేదు, బిడ్డ ముందు అసలే లేదు. ఎవరైనా అలా అంటే ‘బడిలో కొట్టబోమని, ఇంట్లోనూ కొట్టవద్దని చెప్పాం’ అని పుస్తకంలో రాయాలి. మన ఫోన్ వల్ల ఇంట్లో దెబ్బలు పడుతున్నాయని తెలిస్తే, తర్వాతి ఫోన్ ఎవరికి చేయాలో మార్చుకోవాలి. కొన్ని ఇళ్లలో అమ్మమ్మే సరైన మనిషి.

తీయని ఫోన్లు కూడా రాయాలి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఏడు దాటాక ఒకసారి, మరో రోజు ఇంకోసారి ప్రయత్నించి, మూడింటి సమయాలూ రాసి, అప్పుడు డైరీలోనో మనిషి ద్వారానో కబురు పెట్టాలి. ‘తల్లిదండ్రులు స్పందించరు’ అని రాసేవాళ్లలో చాలామంది పగలు పదకొండు గంటలకే చేసి ఉంటారు. కూలికి వెళ్లిన మనిషి అప్పుడు ఎలా తీస్తుంది? ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాలకు, పాలమూరు నుంచి పనుల కోసం ఊరు దాటే కుటుంబాలకు అడ్మిషన్ రిజిస్టర్‌లోని నంబరు చాలాసార్లు పనికిరాదు. రీచార్జి అయిపోతుంది, సిమ్ మారుతుంది, బిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. అందుకే జూన్‌లో బడి తెరవగానే ప్రతి బిడ్డ పేజీ పైన మూడు సంగతులు రాసి పెట్టుకోవాలి: పనిచేసే రెండు నంబర్లు, ఏ సమయంలో మాట్లాడగలరు, ఏ భాషలో మాట్లాడితే పూర్తిగా అర్థమవుతుంది. సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ సరిచూడాలి.

భాష సంగతి చిన్నది కాదు. ఆదోని దగ్గర కన్నడ, చిత్తూరు సరిహద్దుల్లో తమిళం, మన్యంలో సవర, ఒడియా, భద్రాద్రి వైపు కోయ, ఆదిలాబాద్‌లో గోండి, హైదరాబాద్ పాతబస్తీలోనూ కర్నూలులోనూ ఉర్దూ. తెలుగులో చెబితే మర్యాదకు ‘సరే సార్’ అంటారు, అంతే. అనువాదానికి ఆ బిడ్డనే నిలబెట్టడం చాలా బడుల్లో జరిగే తప్పు. తన మీద ఫిర్యాదును తానే తల్లికి చెప్పాల్సి వస్తే ఏ పిల్లవాడైనా మార్చి చెబుతాడు, లేదా సిగ్గుతో కుంగిపోతాడు. ఊళ్లో రెండు భాషలూ వచ్చిన అంగన్‌వాడీ టీచరో, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యురాలో ఉంటారు. ఎవరి సాయంతో మాట్లాడారో పుస్తకంలో రాయాలి. చదవడం రాని తల్లి చేత వేలిముద్ర వేయించే ముందు పేజీ మొత్తం చదివి వినిపించాలి. ఖాళీ పేజీ మీద వేలిముద్ర ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోకూడదు.

వాట్సాప్ గ్రూపుల వల్ల జరుగుతున్న హాని గురించి మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. తరగతి గ్రూపులో హోంవర్క్, సెలవు కబురు, పరీక్ష తేదీ. అంతవరకే. ఒక బిడ్డ నడవడిక గురించి ఒక్క అక్షరం కూడా గ్రూపులో రాకూడదు, పేరు రాయకపోయినా సరే. ‘నిన్న ఒక అమ్మాయి ఇలా చేసింది’ అంటే ఆ అమ్మాయి ఎవరో నలభై ఇళ్లకూ తెలుస్తుంది. బయట నిలబెట్టిన ఫొటోలు, రాయని నోటు పుస్తకం ఫొటోలు పెట్టడం మానసిక వేధింపు కిందికే వస్తుందని మా దృఢమైన అభిప్రాయం. ఒకే తల్లికి విడిగా పంపిన మెసేజ్ సైతం రికార్డు అనుకోవద్దు. మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటుంది, ఫోన్ పోతుంది, నంబరు మారుతుంది. మెసేజ్ పంపిన రోజే దాని సారం రెండు వాక్యాల్లో పుస్తకంలోకి ఎక్కాలి. ఇంకో మాట: టీచర్లు సొంత నంబర్ల నుంచి మాట్లాడటం వల్ల, ముఖ్యంగా మహిళా టీచర్లకు, రాత్రిళ్లు అక్కరలేని ఫోన్లు వస్తున్నాయి. బడికి ఒక మామూలు ఫోన్, నెలనెలా రీచార్జి ఇవ్వండి. స్కూల్ గ్రాంటులోంచి వాడుకోవచ్చని స్పష్టంగా రాస్తే చాలు.

ఈ పుస్తకంలోకి రాకూడనివి కొన్ని ఉన్నాయి, ఇక్కడ పొరపాటు జరిగితే ప్రమాదం. బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, అనుమానం వచ్చినా, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. ‘తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పాం’ అన్నది దానికి బదులు కాదు. హాని చేస్తున్నది ఇంటి మనిషే అయితే ఆ ఫోన్ బిడ్డను మరింత చిక్కుల్లోకి నెడుతుంది. వివరాలు ఈ పేజీల్లో రాయకుండా, తేదీ వేసి ‘ప్రధానోపాధ్యాయులకు తెలిపాం, వేరుగా చర్య తీసుకున్నారు’ అని మాత్రం ఉండాలి. బాలల సహాయానికి 1098 ఉంది. చచ్చిపోవాలనుందని బిడ్డ ఎవరితోనైనా అంటే అది క్రమశిక్షణ సమస్య కానేకాదు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకుండా, అదే రోజు ఇంటివాళ్లను పిలిపించి, ఆసుపత్రికి పంపాలి. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే మాట్లాడేవాళ్లు ఉంటారు. ఆ నంబర్లు రెండూ పుస్తకం అట్ట మీదే అచ్చు వేయండి.

ఇంత రాసి ఏం ఉపయోగం అన్న ప్రశ్న వస్తుంది. జరిగింది జరిగినట్టు రాసి ఉంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు టీచర్‌కు ఆధారం ఉంటుంది, నిజమే. అసలు లాభం మాత్రం బిడ్డకు. పది నమోదులు వరసగా చదివితే ఒక్కొక్కటిగా కనబడనిది కనబడుతుంది. గొడవలన్నీ భోజనానికి ముందు పీరియడ్‌లోనే జరుగుతున్నాయంటే పిల్లవాడు పొద్దున తినకుండా వస్తున్నాడేమో అడగాలి. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూస్తోందన్న ఫిర్యాదు నలుగురు టీచర్ల నుంచి వస్తే బోర్డు కనబడుతోందో లేదో కళ్లు పరీక్షించాలి. ‘పిలిస్తే పలకడు’ అన్నది ఎడమవైపు బెంచీలో కూర్చున్నప్పుడే జరుగుతుంటే చెవి చూపించాలి. చెవిలో చీము కారే పిల్లలు మన బడుల్లో తక్కువేం కాదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు ఈ పేజీ తెరిచి చూపిస్తే వాళ్లకు ఎంత సాయమో! రాత పని ఉన్న పీరియడ్లలోనే లేచి తిరిగే బిడ్డను, నోటితో అడిగితే టక్కున చెప్పి రాయమంటే పారిపోయే బిడ్డను, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌కు చూపించాలి. సోమవారాలే రాని పిల్ల, శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లనని ఏడ్చే పిల్ల గురించి కూడా పేజీయే చెబుతుంది. ఫిర్యాదులన్నీ ఒకే టీచర్ నుంచి వస్తూ మిగతా ఐదుగురికీ ఏ ఇబ్బందీ లేకపోతే, మాట్లాడాల్సింది తల్లితో కాదు, ఆ టీచర్‌తో. నెమ్మదిగా, సాయం చేసే ధోరణిలో.

ఇందుకోసం ప్రధానోపాధ్యాయులు నెలకోసారి ఒక్కో పుస్తకానికి అరగంట కేటాయించాలి. మళ్లీ మాట్లాడతామన్న తేదీ దాటిపోయినవి ఏవి, ఒకే బిడ్డ పేరు ఎన్నిసార్లు వచ్చింది, అసలు ఒక్క నమోదూ లేనివాళ్లు ఎవరు. ఆ చివరిది మరచిపోకూడదు. గొడవ చేసేవాళ్ల పేజీలు నిండుతాయి. మౌనంగా ముడుచుకుపోయే పిల్లలవి, ఎక్కువగా ఆడపిల్లలవి, తెల్లగా ఉండిపోతాయి. మౌనం కూడా నడవడికే.

అందుకే మొదటి నమోదు ప్రతి బిడ్డకూ మంచి మాటే కావాలని మేం అడుగుతున్నాం. జూన్, జూలై నెలల్లో రోజుకు ఇద్దరి ఇళ్లకు రెండేసి నిమిషాల ఫోన్ చేస్తే 45 మందికి 23 పనిదినాల్లో పూర్తవుతుంది. ‘మీ అమ్మాయి ఇవాళ కిందపడ్డ చిన్నపిల్లను లేపి నీళ్లు తాగించిందమ్మా, చెబుదామని చేశాను.’ ఈ ఫోన్ అందుకున్న ఇల్లు సెప్టెంబరులో కష్టమైన మాట చెప్పినా వింటుంది. మొదటి ఫోనే ఫిర్యాదైన ఇల్లు బడి నంబరు చూసి తీయడం మానేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిపారు. తల్లిదండ్రులు బడి గడప తొక్కడం సంతోషం. ఆ రోజున నడవడిక గురించి మాట్లాడాలనుకోవడం మాత్రం పొరపాటు. 40 మందికి తలా ఐదు నిమిషాలు ఇచ్చినా 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. చుట్టూ పదిమంది ఉంటారు. ప్రోగ్రెస్ కార్డు చూపించి, నంబర్లు సరిచూసుకుని, ‘వచ్చే బుధవారం సాయంత్రం ఒక పావుగంట వీలవుతుందా?’ అని అడగడానికి అది మంచి రోజు. అసలు మాట తలుపు దగ్గరేసిన గదిలో, ఇంకో టీచర్ సమక్షంలో, కుర్చీలు పక్కపక్కన వేసుకుని జరగాలి. తల్లిని నిలబెట్టి టీచర్ కూర్చుని మాట్లాడటం మానాలి.

గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, ఆశ్రమ పాఠశాలల సంగతి వేరు. అక్కడ రాత్రి జరిగింది వార్డెన్‌కే తెలుస్తుంది, పగలు జరిగింది టీచర్‌కే. ఇద్దరూ విడివిడిగా ఇంటికి ఫోన్ చేసి రెండు రకాలుగా చెబితే తల్లి ఎవరిని నమ్మాలి? ఒకే పుస్తకం, ఇద్దరూ రాయాలి, ఫోన్ ఒకరే చేయాలి. బిడ్డ తనంతట తాను ఇంటికి మాట్లాడుకునే సమయాన్ని శిక్షగా కోయడం ఎక్కడైనా ఉంటే ఆపించండి.

ప్రైవేటు యాజమాన్యాలకు ప్రత్యేకంగా ఒక మాట. ఫీజు బకాయి ఫోన్, నడవడిక ఫోన్ ఒకే రోజు ఒకే మనిషి చేయకూడదు. ఫీజు కట్టనందుకే తమ బిడ్డ మీద లేనిపోనివి చెబుతున్నారని తల్లిదండ్రులు అనుకుంటారు. ఒకసారి అలా అనుకున్నాక టీచర్ చెప్పే నిజమైన ఆందోళన కూడా చెల్లదు. ఇక ఆఫీసు నుంచి గంపగుత్తగా వెళ్లే ఎస్ఎంఎస్, ‘మీ వార్డు ప్రవర్తన సంతృప్తికరంగా లేదు’ అన్న అచ్చు వాక్యం, ఎవరికీ ఏమీ చెప్పదు. రాత్రంతా ఇల్లు కలవరపడటం తప్ప దాని వల్ల జరిగేది లేదు.

పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి? ప్రధానోపాధ్యాయుల గదిలో, తాళం వేసిన బీరువాలో. క్లాస్ టీచర్, ప్రధానోపాధ్యాయులు, ఆ బిడ్డ తల్లిదండ్రులు చూడవచ్చు. తమ బిడ్డ పేజీని అడిగిన రోజే చూపాలి. కమిటీ సభ్యులకు, ఊరి పెద్దలకు, పత్రికలవాళ్లకు చూపకూడదు. తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి (ఎంఈఓ) పుస్తకం సరిగ్గా రాస్తున్నారో లేదో చూడవచ్చు గానీ ఫొటోలు తీయకూడదు. బిడ్డ బడి మారితే ఈ పేజీలు వెంట వెళ్లకూడదు. కొత్త బడిలో కొత్తగా మొదలుపెట్టే హక్కు వాడికి ఉంది. అదే బడిలో పై తరగతికి వెళితే ఏది పనిచేసిందో కొత్త క్లాస్ టీచర్‌కు నాలుగు వాక్యాల్లో చెబితే సరిపోతుంది. బడి వదిలిన ఏడాది తర్వాత, ఏ కేసూ విచారణా నడవకపోతే, పేజీలను నాశనం చేయమని ఉత్తర్వులోనే రాయండి.

ఒక భయం ఉంది, దాచుకోకుండా చెబుతున్నాం. రేపు మీరు దీన్ని అమలు చేస్తే, ఎన్ని నమోదులు అయ్యాయో లెక్క పంపమని జిల్లా నుంచి ప్రతి శనివారం మెసేజ్ వస్తుంది. లెక్క అడిగిన రోజు నుంచి టీచర్లు లెక్క కోసం రాస్తారు. తక్కువ నమోదులున్న టీచర్‌కు మెమో, ఎక్కువున్న టీచర్‌కు ‘క్లాస్ అదుపులో లేదు’ అన్న పేరు. రెండూ అన్యాయమే. దయచేసి అంకెలు అడగవద్దు, ఫొటో అప్‌లోడ్ పెట్టవద్దు, ర్యాంకులు ఇవ్వవద్దు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో రెండు నెలలకోసారి, పేర్లు తీసేసిన ఒక నమోదును చదివి, దాన్ని ఇంకా బాగా ఎలా రాయవచ్చో టీచర్లంతా మాట్లాడుకునేలా అరగంట ఇవ్వండి. శిక్షణ అంటే మా దృష్టిలో అదే.

కొత్త విద్యా సంవత్సరానికి పుస్తకాలు బడులకు చేరాలంటే నమూనా ఫిబ్రవరి లోపు ఖరారై, మార్చిలో అచ్చుకు వెళ్లాలి. నమూనా పేజీ, అట్ట లోపలి సూచనలు, ఫోన్ సంభాషణకు వరస, ఉర్దూ, కన్నడ, తమిళం, ఒడియా, కోయ, గోండి, సవర భాషల్లో మొదటి మూడు వాక్యాలు తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. ఒక్కో జిల్లాలో రెండేసి బడులను ఎంపిక చేసి ఈ ఏడాది మిగిలిన నెలల్లో చేతిరాత పుస్తకాలతోనే మొదలుపెట్టవచ్చు. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్, స్కేలు, మీ అనుమతి పత్రం ఉంటే చాలు.

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో పనిచేస్తున్న కొందరు క్లాస్ టీచర్లు, ప్రధానోపాధ్యాయులు